నీరు పోయే దారి

ఇంగ్లీషు భూశాస్త్రానికి తెలుగు ఇచ్చిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి 'రెగర్'. పత్తి పండే నల్లమట్టికి పంతొమ్మిదో శతాబ్దపు దొరలు వాడిన ఈ పేరు మన రేగడే. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మాత్రం ఈ మాట పుట్టుక దగ్గర కాస్త తటపటాయించింది. పారసీలో ఇసుకని 'రేగ్' అంటారని ఒక పక్కన, తెలుగులో రేగడి ఉందని ఇంకో పక్కన చెప్పి ఊరుకుంది. రేగడిలో తక్కువగా ఉండేదే ఇసుక. ఏ పర్చూరు రైతునడిగినా ఆ సందేహం తీర్చేసేవాడు.

అసలు ఈ మట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీద కూడా అప్పట్లో పెద్ద తగువే నడిచింది. దక్కను నల్లరాయి అరిగి, ఉన్నచోటే మట్టయిందని ఒక పక్షం. నీటి అడుగున పేరుకున్న ఒండ్రని కెప్టెన్ న్యూబోల్డ్ లాంటివాళ్ళ పక్షం. గుంటూరు, ఒంగోలు వైపు వచ్చేసరికి మొదటి వాదన చిక్కులో పడుతుంది. ఇక్కడ రేగడి కింద తవ్వితే దక్కను బసాల్టు తగలదు, పాత నైస్ రాళ్ళు తగులుతాయి. తీరం దగ్గరికి పోతే నది తెచ్చిన ఒండ్రు తగులుతుంది. బ్రూస్ ఫుట్ 1879లో మచిలీపట్నం దాకా ఈ తూర్పు తీరపు భూగర్భాన్ని వర్ణించాడు. నన్ను ఆకర్షించేది మాత్రం రాళ్ళ కథ కాదు, ఈ మట్టిలో నీళ్ళు ఏమవుతాయన్న ప్రశ్న. ఈ ప్రాంతపు రెండు వందల ఏళ్ళ చరిత్రని ఆ ఒక్క ప్రశ్నతో చదవొచ్చనిపిస్తుంది.

నది వరదొచ్చినప్పుడు గట్టు పొర్లుతుంది. గట్టు దాటగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక అక్కడే పడిపోతుంది. ఇసుక కంటే సన్నగా, బంకమట్టి కంటే ముతకగా ఉండే ఒండ్రు ఇంకాస్త దూరం పోయి దిగుతుంది. అతి సన్నని బంకమట్టి చివరికి, పల్లంలో, నీళ్ళు కదలకుండా నిలిచినచోట దిగుతుంది. అందుకే డెల్టాలో నది పక్కన మెరక, నదికి దూరంగా పల్లం ఉంటాయి. కొల్లూరు, కొల్లిపర లంకల్లో పసుపు, అరటి, కంద పండటానికీ, బాపట్ల వైపు పల్లాల్లో వరి తప్ప ఇంకోటి నిలవకపోవడానికీ మూలం ఇదే. ఈ రెండింటి నడుమ ఉన్న ఒండ్రు నేలల సంగతే తిరకాసు. ఇవి పూర్తిగా చిత్తడీ కావు, పూర్తిగా ఆరవు. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రం వేళ్ళకి ఊపిరాడనివ్వవు. రేగడిలో ఇంకో గుణం ఉంది. ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది. తడిస్తే ఉబ్బి ఆ నెర్రెల్ని తనే మూసేసుకుంటుంది. ఆ తర్వాత చుక్క కూడా కిందికి దిగదు.

అలాంటి నేలలో నీళ్ళు నిలిచి పైరు దెబ్బతింటే రైతులు 'ఉరకెత్తింది' అంటారు. మిరపతోట ఉరకెత్తితే చూడటానికి ఎండిపోయినట్టే ఉంటుంది. మొక్క చుట్టూ నీళ్ళే, ఆకు మాత్రం వాడి వేలాడుతుంది. వేరుకి గాలి లేకపోతే పక్కనున్న నీళ్ళని కూడా తాగలేదు. మట్టిలోపల ఇంకోటి జరుగుతుంది. ప్రాణవాయువు అయిపోయాక సూక్ష్మజీవులు ఇనుము మీద పడతాయి. ఇనుము రంగు కోల్పోయి నీళ్ళలో కరిగి కదులుతుంది, మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. నీళ్ళు తీశాక, గాలి సోకినచోట తుప్పు మచ్చలు పడతాయి. నేలని పరిశీలించేవాళ్ళు గుంట తవ్వి ఆ మచ్చలు ఏ లోతులో మొదలయ్యాయో కొలుస్తారు. నీళ్ళు ఏటా ఎంత ఎత్తుకి వచ్చి నిలబడ్డాయో అక్కడ రాసి ఉంటుందన్నమాట.

ఇప్పుడు చరిత్రకొద్దాం. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాని డొక్కల కరువు ఊడ్చేసింది. 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది పోయారని లెక్కలు చెబుతాయి. ఆ తర్వాత పుట్టిందే కృష్ణ ఆనకట్ట. కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1852లో పని మొదలై 1855లో ముగిసింది. నీళ్ళు లేక చచ్చిన జిల్లాకి నీళ్ళు తేవడం ఒక్కటే అప్పటి ఆలోచన. దాన్ని తప్పుపట్టలేం. కాలువలు మెరక వెంట వెళ్తాయి, అలా అయితేనే రెండు వైపులా పారతాయి. పారిన నీరు పల్లానికి దిగుతుంది. పల్లంలో అదివరకే ఉన్న వాగులు దాన్ని సముద్రానికి మోసుకుపోతాయిలే అనుకున్నారు.

అవి మోయలేకపోయాయి. నల్లమడ, రొంపేరు, పేరలి లాంటివి మొదట వాన నీటి దారులు. వాటి మీద డెల్టా మురుగు, ఎగువ మెట్ట వరద, రెండూ వచ్చి పడ్డాయి. సముద్రం దగ్గర వాలు దాదాపు ఉండదు. ఆటు పోట్లు ముఖద్వారాల్ని ఇసుకతో మూస్తాయి. గుర్రపుడెక్క, తూటికాడ మిగతాది పూర్తి చేస్తాయి. 1960లలో మిత్ర కమిటీ ఈ డ్రైన్లని పరిశీలించింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది. అంటే ఆనకట్ట కట్టిన నూట పదమూడేళ్ళకి, నీళ్ళు బయటికి పోవడానికి కూడా ఖర్చవుతుందని చట్టం ఒప్పుకుంది.

సరిగ్గా అదే సమయంలో, 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ గుంటూరు మెట్టని దాటి ఒంగోలు రేగళ్ళలోకి వచ్చింది. కాగితం మీద చాలా భూమికి ఆరుతడి పంటలే రాశారు. కాలువ పైభాగాన ఉన్నవాళ్ళు వరి వేశారు. కిందివాళ్ళకి నీళ్ళు చాలలేదు, పైవాళ్ళ పొలాల కింద ఊట పైకొచ్చింది. ఊటతోపాటు ఉప్పూ పైకొచ్చింది. ఒకే కాలువ మీద ఒకచోట కరువు, ఒకచోట చౌడు. 1990ల చివర ఇండో-డచ్ ప్రాజెక్టు కింద బాపట్ల శాస్త్రవేత్తలు కోణంకిలోనూ, కృష్ణా పశ్చిమ డెల్టా చివరనున్న ఉప్పుగుండూరులోనూ నేల అడుగున చిల్లుల గొట్టాలు పరిచి చూశారు. ఉప్పు తగ్గింది, దిగుబడి పెరిగింది. పద్ధతి పనిచేస్తుందని తేలింది. కానీ గొట్టం చివరికొచ్చిన నీళ్ళని తీసుకుపోవడానికి పెద్ద డ్రైను బాగుండాలి. కథ మళ్ళీ మొదటికే వచ్చింది.

నేల గుణాన్ని ప్రభుత్వం నేరుగా డబ్బులోకి మార్చిన సందర్భం కూడా ఈ జిల్లాలోనే ఉంది. 2015లో అమరావతి భూసమీకరణలో 30 వేల ఎకరాలకు పైగా తీసుకున్నప్పుడు భూముల్ని రెండు రకాలు చేశారు. నది పక్కన, ఊట పైనే ఉండే మాగాణి 'జరీబు'. మిగతాది మెట్ట. ఏడాదికి ఎకరానికి కౌలు జరీబుకి 50 వేలు, మెట్టకి 30 వేలు. లంక, అసైన్డ్ భూములకి వేరే లెక్క, పట్టా భూమి కంటే తక్కువ. జరీబు అనేది భూమి కొలతకి పారసీ మాట. కొలత పేరు కాస్తా నీటి పేరయింది, నీటి పేరు ధరయింది. ఆ నేల గుణం మాత్రం ఒప్పందంతో మారదు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కొండవీటి వాగు అందులో కలవలేదు, వెనక్కి తంతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టాల్సొచ్చింది.

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు. పదిహేనేళ్ళు తిరక్కుండా, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు. రెండుసార్లూ లంకలు మునిగాయి. నడుమ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, మిరపనీ శనగనీ నీళ్ళలో నిలబెట్టింది. అలాంటప్పుడు ఒంటరి రైతు చేయగలిగింది చాలా తక్కువ. బోరు ఒక్కడే వేసుకోవచ్చు. నీళ్ళు బయటికి పంపాలంటే మాత్రం కింది రైతు పొలం దాటాలి, కింది ఊరు దాటాలి, సముద్రం దాకా దారి ఉండాలి. పైగా ఈ పొలాల్లో చాలా వాటిని దున్నేది కౌలుదారు. పైరు ఉరకెత్తితే పెట్టుబడి పోయేది అతనిది. పేరు రికార్డుకెక్కకపోతే పరిహారం మాత్రం పట్టా ఉన్నవాళ్ళకే పోతుంది.

నీళ్ళు తెచ్చినవాళ్ళకి ఊరూరా విగ్రహాలున్నాయి. కాటన్ దొరకి కొన్ని ఊళ్ళలో పూజలు కూడా చేస్తారు. మురుగు కాలువ తవ్వించినవాళ్ళ పేరు ఒక్కటి కూడా నాకు ఎవరి నోటా వినబడలేదు. సాగునీటి చరిత్రని మనం సగమే రాసుకున్నాం. మిగతా సగం ఈ జిల్లాల్లో ఎక్కడ గుంట తవ్వినా, రెండు మూడడుగుల లోతులో, బూడిద మట్టి మీద తుప్పు మచ్చలుగా ఉంది. ఈసారి బడ్జెట్‌లో కొత్త ఎత్తిపోతల పథకం ఏదని కాకుండా, నల్లమడకి పూడిక తీసేదెప్పుడని అడిగితే ఆ సగం చదవడం మొదలుపెట్టినట్టే.