పూటకూళ్ళ యింటినుండి బేకరి వఱకు

"సర్వం జగన్నాథం" అను మాట మన యుత్తరాంధ్రమున చిన్నపిల్లలు సైతము ఎఱుగుదురు. నాలుగు కూరలు కలిపి తినినను, నలుగురు కులభేదము పాటింపక కూడి తినినను, ఆ మాటయే యందురు. అది పూరీ క్షేత్రమునుండి వచ్చినది. అచ్చట స్వామికి నివేదించిన మహాప్రసాదమును ఆనందబజారులో కొనువారు, దీని నెవరు తాకిరి, మన ప్రక్కన కూర్చున్నవా డెవడు అని యడుగరు. ఒకరు తినగా మిగిలినది మఱియొకరు తినినను అది యెంగిలి యనిపించుకొనదు. భావనపాడు, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురముల ప్రజలు పూరీకి పోవు త్రోవలో నున్నవారగుటచే ఈ యాచారమును తరతరములుగా కన్నులార చూచినవారు.

అయినను ఒక చిత్రము గలదు. పూరీలో కలసి తినినవారే తిరుగు ప్రయాణమున సత్రములు చేరినతోడనే ఎవరి పొయ్యి వారు వేఱుగా రాజేసికొనుచుండిరి. దేవుని యెదుట తొలగిన యంటు దారిలో మఱల వచ్చి కలిసెడిది. ఆ ప్రసాదమునకైనను హద్దు లేకపోలేదు. అంటరానివారనబడినవారికి ఆ గుడి తలుపులు మూసియే యుండెను. 1938లో గాంధి మహాత్ముడు పూరీకి చేరువనున్న డెలాంగునకు వచ్చినపుడు, హరిజనులకు ప్రవేశములేని యా గుడికి కస్తూరిబా వెళ్ళి వచ్చినదని విని మిక్కిలి నొచ్చుకొనెను. కావున దేవుని పేర జరుగు సహభోజనము గొప్పదే కాని, అది యొక చోటికిని, ఒక వేళకును, కొందఱికిని కట్టుబడినది. సామాన్యమైన వీధిలో, డబ్బిచ్చి తిను బల్లమీద, నలుగురును కలసి కూర్చుండుట యెట్లు వచ్చెను, ఎంతవఱకు వచ్చి ఆగినది అనునదే ఈ వ్యాసమున విచారింప దలచిన విషయము.

డబ్బిచ్చి తినుట మనకు క్రొత్త గాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున పూటకూటి యింటి ముచ్చట గలదు. ఒక్క రూక యిచ్చినవానికి అచ్చట మంచి యన్నము, గోధుమపిండి వంట, పంచదార, క్రొత్త నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు మొదలగునవి దొరకినట్లు కవి చెప్పినాడు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. అందలి పూటకూళ్ళమ్మ ఈ వృత్తికి మన ప్రాంతపు ప్రతిమ. భర్త పోయి, వేఱొక యాధారము లేని స్త్రీ తన చేతి వంటనే జీవనోపాధిగా చేసికొనెను. ఊరు ఆమెను చులకనగా చూచినను, ఆమె వడ్డించిన యన్నమును మాత్రము మానలేదు. అయితే ఇట్టి యిండ్లలో విస్తరి ముందు ఎవరు కూర్చుండవలయు ననునది ధరచేతగాక కులముచేత నిర్ణయింపబడుచుండెను. తక్కువ కులమువానికి రూక యున్నను చోటు లేదు.

కలసి తినవలయు నన్న తలంపు మాత్రము మనవారికి తట్టక పోలేదు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని చెప్పుదురు. ఆ చాపకూడు కథ నేటికిని కారెంపూడిలో ఉత్సవరూపమున నిలిచియున్నది. కాని యేటి కొకసారి జరుగు నుత్సవము వేఱు, దినదినము జరుగు నలవాటు వేఱు. కథలో మెచ్చుకొనినవారే తమ వాకిట చాప పఱచుటకు వెనుదీసిరి.

అలవాటును కదలించినది రైలుబండి. బెజవాడనుండి కటకమువఱకు తూర్పుతీరపు రైలుదారి 1893కును 1896కును నడుమ వేయబడినది. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి చిన్న రైలు నడచెను. ఒక్క పెట్టెలో ఒక్క బల్లపై బ్రాహ్మణుడును, బెస్తవాడును, ఉప్పుకొటారులో పనిచేయు కూలియు ప్రక్కప్రక్కన కూర్చుండక తప్పలేదు. బండి నిలిచినచోట ఆకలియగును, ఇల్లు దూరము, మడిపొయ్యికి వ్యవధి లేదు. అందుచే స్టేషనులయొద్దను, ఊరి నడుమను కాఫీ హోటళ్లు లేచినవి. కాని రైలుపెట్టె కలిపినవారిని హోటలు మఱల విడదీసెను. "బ్రాహ్మణులకు మాత్రమే" అను ఫలకములు వెలసినవి. నీళ్ళకుండలు సైతము హిందువులకు వేఱు, మహమ్మదీయులకు వేఱు అయ్యెను. మద్రాసు రాజధానిలో ఇట్టి ఫలకములపై పెరియారు రామస్వామిగారు మొదలగువారు పెద్ద యాందోళనము సలిపిరి. దక్షిణదేశపు రైల్వే భోజనశాలలలో బ్రాహ్మణులకును ఇతరులకును వేఱువేఱు చోట్లు చూపు పద్ధతి 1941లో తొలగెను. అనగా రైలు వచ్చిన యేబది యేండ్లకు గాని దాని భోజనశాలకు బుద్ధి రాలేదు.

ఈ నడుమ సంస్కర్తలు పడిన బాధ తలంపదగినది. 1881 డిసెంబరు 11వ తేదిన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినపుడు, ఆ పెండ్లికి తోడుపడినవారిని వెలి భయము వెంటాడెను. వెలి యనగా నేమి? వారింట అన్నము తినరాదు, వారిని పంక్తిలో కూర్చుండనీయరాదు, ఇంతే. 1890లో పూనా నగరమున పంచహౌదు మిషనులో ఒకనాడు రానడే, తిలక్, గోఖలే మొదలగు ప్రముఖులు కూడిరి. వారి ముందు తేనీరును బిస్కత్తులును పెట్టిరి. అది పత్రికల కెక్కి ఊరంతయు అట్టుడికినది. తుదకు రానడేయంతటి వాడును 1892లో ప్రాయశ్చిత్తము చేసికొనవలసి వచ్చెను. ఒక కప్పు తేనీరు, ఒక బిస్కత్తు! నేడు టెక్కలి బస్సు నిలుచుచోట ఏ పిల్లవాడైనను చిల్లర యిచ్చి ఆలోచింపకయే తిను వస్తువు, నాడు న్యాయమూర్తిని తల వంచించినది. మన దేశమున గోరాగారు వంటివారు సహపంక్తి భోజనములు నడపినదియు ఈ వెలి భయమును నలుగురి యెదుట పటాపంచలు చేయుటకే.

ఆ బిస్కత్తునకు అంత భయపడుట ఎందులకు? బేకరి మనకు పోర్చుగీసువారివలనను ఆంగ్లేయులవలనను వచ్చినది. గోవలో రొట్టె పిండి పులియుటకు కల్లు కలిపెడివారు. కొన్నిట గుడ్డు పడును. కాల్చువాడు అన్యమతస్థుడు కావచ్చును. కల్లు, గుడ్డు, పరాయి చేయి, ఈ మూడును ఛాందసులకు కంటకములు. అట్టి వస్తువు ఇంటింటికి ఎట్లు వచ్చెనో చూడుడు. 1898 ప్రాంతమున బెంగుళూరులో తిరుమలాచారియను అయ్యంగారు అంగడి తెఱచి, ఆంగ్లేయునివద్ద రొట్టె కాల్చు విద్య నేర్చెనని చెప్పుదురు. గుడ్డు లేని బేకరి పలహారములు ఆ వంశపు వారివలన పేరు కెక్కెను. ఆ పేరుతో నేడు మన పట్టణములలో నెన్నియో బేకరులు గలవు. ఒకప్పుడు హోటలు ఫలకముపై కులనామము వ్రాసినది ఇతరులను వెలుపల నుంచుటకు. ఇప్పుడు "అయ్యంగార్ బేకరి" యని వ్రాసినది ఎల్లవారిని లోనికి పిలుచుటకు. అదే కులనామము, కాని దాని పని తలక్రిందులైనది. సంస్కర్తల యుపన్యాసము చేయలేని పనిని కొంత వ్యాపారము చేసినదని యొప్పుకొనుటకు మనము సిగ్గుపడ నక్కఱలేదు.

"ఇవన్నియు పరదేశపు తిండ్లు" అని విసుగుకొను పెద్దలు కొందఱు గలరు. వారికి పలాసలోనే సమాధానము గలదు. ఈ యూరికి పేరు తెచ్చిన జీడిపప్పు బ్రెజిలు దేశపు చెట్టు పండించినది. పోర్చుగీసువారు దానిని పదునాఱవ శతాబ్దిలో మన దేశమునకు తెచ్చిరి. మన పచ్చళ్ళకు ప్రాణమైన మిరపకాయయు అమెరికాఖండమునుండి వారి యోడలలో వచ్చినదే. ఉద్దానపు కొబ్బరితోటల నడుమ జీడితోట లేని పల్లెను నేడు ఊహింపలేము. నిన్నటి పరదేశి నేటి యింటివాడు.

సముద్రము మనకు మఱియొక వంటయిల్లును చూపినది. కళింగపట్టణము, బారువ, గోపాలపురము రేవులనుండి మనవారు పొగయోడలెక్కి రంగమునకు, అనగా రంగూనునకు, కూలికి పోయెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి ఆ నగరమున సగమునకు మించి భారతీయులే. 1942లో జపాను సేనలు వచ్చినపుడు లక్షలకొలది జనులు కాలినడకను అడవులు దాటి తిరిగి వచ్చిరి. 1964లో బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా మఱికొన్ని లక్షలు రావలసి వచ్చెను. ఆ వచ్చినవారి కొఱకు విశాఖపట్టణమున కంచరపాలెమువైపు బర్మా క్యాంపు వెలసినది. సర్వస్వము పోగొట్టుకొని వచ్చినవారు నాలుకపై నిలిచిన రుచిని మాత్రము వదలలేదు. నూడిల్సుతో చేయు ఖౌస్వే యను బర్మా వంటకము వారి వెంట వచ్చినది. దానిలో నొక రకమునకు కొబ్బరిపాలు పోయుదురు. కొబ్బరి పండు తీరమునుండి పోయినవాడు పరదేశమున కొబ్బరిపాలలోనే క్రొత్త రుచిని కనుగొనుట వింతయే గదా. పడమటివారి పటములు చూచి మనము "అంతర్జాతీయము" అను మాటను నేర్చినాము. మన కూలి దానిని ముందే చేతితో తిని వచ్చినాడు.

నేడు పలాస కాశీబుగ్గలోను టెక్కలిలోను భోజనశాలల పట్టికలు చూచినచో, ఇడ్లి దోసెల ప్రక్కనే ఫ్రైడ్ రైస్, నూడిల్సు, పిజ్జా, బర్గరు, షవర్మా పేర్లు కనబడును. వీనిలో కొన్నిటి పరదేశత్వము పేరుకు మాత్రమే. మంచూరియా యనునది చీనాలోని మంచూరియాలో పుట్టలేదు. కలకత్తా చీనా కుటుంబమున జన్మించిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో మన మసాలా రుచికి తగినట్లు కల్పించినదని ప్రసిద్ధి. దినదినము మైదాయు నూనెయు తినుట ఆరోగ్యము కాదని పిల్లలకు చెప్పవలసినదే. కాని తిండి మంచిచెడ్డలను వైద్యుడు నిర్ణయించుగాక. దాని దేశమునుబట్టి మనము నిర్ణయింపరాదు.

ఇక అసలు ప్రశ్న. బల్ల అందఱిదియు అయినదా? 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున దుకాణములకు, భోజనశాలలకు, హోటళ్లకు పోవుటలో కులముచేతగాని, మతముచేతగాని, లింగముచేతగాని ఎవరికిని ఆటంకము కలిగింపరాదని శాసించినది. దానిని మీఱినవారిని శిక్షించు చట్టము 1955లో వచ్చెను. ఇంత జరిగిన పిమ్మటను, తెలుగు పల్లెలలోని తేనీటి కొట్లలో దళితులకు వేఱు గ్లాసు పెట్టు రెండు గ్లాసుల పద్ధతి యేండ్ల తరబడి సాగెను. ఎవరు త్రాగిరో తెలియని కాగితపు కప్పు వచ్చినందున కొన్నిచోట్ల ఆ గ్లాసు కనబడకుండ పోయినది. మనస్సులోనిది పోయినదా యని మనమే తరచి చూచుకొనవలయును. కులము తొలగినచోట వెల వచ్చి కూర్చున్నది. పలాస కార్ఖానాలో కూర్చుండి జీడిపిక్కలు ఒలుచు స్త్రీ, అద్దముల వెనుక అదే జీడిపప్పు చల్లిన కేకును చూచి, తన కూలితో సరిపోల్చుకొని ముందుకు సాగిపోవును. ఆమె నెవరును వలదనలేదు. కాని లోనికి రమ్మనినవారును లేరు.

తుదకు ఒక పంక్తి మిగిలినది. దానిని తీర్చవలసినది రాజ్యాంగము గాదు, ఈ పత్రికను చదువు కుటుంబములే. మన యిండ్లలో వండిన స్త్రీ అందఱికిని వడ్డించి, చివఱకు చల్లారినదానిని ఒంటరిగా తినుట నేటికిని పలుచోట్ల మర్యాదగా చెలామణి యగుచున్నది. భోజనశాలకు పోయిననాడు మాత్రము ఆమె భర్తతోను బిడ్డలతోను ఒక్క బల్లయొద్ద, ఒక్క వేళ, వేడియన్నము తినుచున్నది. తనకేమి కావలయునో పట్టిక చూచి తానే చెప్పుచున్నది. ఆడువారు బేకరిలకు అలవాటుపడుచున్నారని నొసలు చిట్లించు గృహస్థులు, ఆ మక్కువ కేకుమీదనో, కలసి కూర్చుండుటమీదనో ఒక్కసారి యోచింపవలయును. తల్లియో భార్యయో హోటలు కోరినపుడు ఆమె తఱచుగా కోరునది రుచి గాదు. ఒక పూట వడ్డనకు నిలువకుండ కూర్చుండు నవకాశము.

పూటకూళ్ళమ్మ తన యింట నలుగురికి అన్నము పెట్టినది. ఆమెను పంక్తిలో కూర్చుండుమనిన వాడు లేడు. ఆ లోపమును దిద్దుటకు పిజ్జాయు బర్గరును అక్కఱలేదు. రేపటి పూటనుండి మన యింట అన్ని కంచములును ఒక్కసారి పెట్టి, గిన్నెలు నడుమ నుంచి, ఎవరి వడ్డన వారు చేసికొనినచో చాలును.