వంద ప్రయాణాల పెట్టె: ఫ్లైట్ కేస్ పుట్టుపూర్వోత్తరాలు

కచేరీ వేదికల వెనుక, విమానాశ్రయాల సరకు గిడ్డంగుల్లో, సినిమా చిత్రీకరణకు సామగ్రి మోసే వాహనాల్లో ఒకే తీరు పెట్టెలు కనిపిస్తాయి. నల్లని ప్లైవుడ్ పలకలు, అంచుల వెంట అల్యూమినియం పట్టీలు, ఎనిమిది మూలలకూ గుండ్రని ఉక్కు తొడుగులు, పలక మట్టానికి లోపలికి ఒదిగిన గొళ్ళేలు, అడుగున చక్రాలు వీటి గుర్తులు. వీటిని ఫ్లైట్ కేసులంటారు. నేడు సంగీతకారులతో ముడిపడిపోయినా, ఈ పెట్టె రూపుదిద్దుకున్నది వాద్యాల కోసం కాదు, విమాన సంస్థలు తమ యంత్రాల విడిభాగాలను ఒక చోటి నుంచి మరో చోటికి పంపుకోవడానికి వేసుకున్న ఖర్చుల లెక్కలో. ఆ లెక్క ఏమిటో గ్రహిస్తే, ముప్పై కిలోలకు చేరువైన నేటి కీబోర్డుకు పెట్టె ఎంచుకోవడంలో తలెత్తే చిక్కులు చాలావరకు విడిపోతాయి.

విమానాలకు ముందు

పొగబండ్లు, పొగ ఓడలు వచ్చాక పెట్టెల పని పెరిగింది. గుర్రపుబండి వెనుక ఒంటరిగా కట్టుకునే పెట్టెకు వాననీరు జారిపోయేలా గుమ్మటపు మూత ఉంటే సరిపోయేది గాని, ఓడ అడుగు గదిలో ఒకదానిమీద ఒకటి పేర్చవలసి వచ్చేసరికి ఆ మూతే అడ్డమైంది. 1854లో పారిస్‌లో దుకాణం తెరిచిన లూయీ వ్యుత్తాన్ 1858లో చదును మూత గల తేలికపాటి ట్రంకును ప్రవేశపెట్టడంలోని తెలివి ఇదే. అదే కాలంలో, 1859లో, ఇంగ్లండులో థామస్ టేలర్ వల్కనైజ్డ్ ఫైబర్‌కు పేటెంటు పొందాడు. కాగితపు పొరలను జింక్ క్లోరైడ్ ద్రావణంలో తడిపి, ఒకటిగా అదిమి, ఆ రసాయనాన్ని కడిగివేస్తే వచ్చే గట్టి అట్ట ఇది. తోలుకన్న చౌక, చెక్కకన్న తేలిక కావడంతో ట్రంకుల తయారీదారులకు, తరవాత నాటక సంస్థలకు, వాద్యాల పెట్టెలు చేసేవారికి అక్కరకొచ్చింది.

వాద్యాన్ని పెట్టెలో పెట్టడంకన్న వాద్యాన్నే పెట్టెగా మలచుకోవడం మరో దారి. 1840 దశకంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు పొందిన హార్మోనియం కాళ్ళతో తొక్కి వాయించే బరువైన వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని చేతితో తిత్తి కొట్టే చిన్న వాద్యంగా మార్చడంతో అది నేలమీద కూర్చుని వాయించడానికే కాక, పిడి పట్టుకుని ఊరూరా తిప్పడానికి కూడా వీలైంది. తెలుగునాట పద్యనాటక సమాజాలు ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లో హార్మోనియం రంగస్థలానికి పట్టుకొమ్మ కావడానికి దాని శ్రుతి ఎంత కారణమో, ఈ మోతసౌలభ్యం కూడా అంతే కారణం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల వినోదం కోసం స్టెయిన్‌వే సంస్థ తయారుచేసిన ‘విక్టరీ వర్టికల్’ పియానోలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. సుమారు 200 కిలోల ఆ పియానోకు ముందుకాళ్ళు తీసివేసి, చెక్కపెట్టెలో ఇమిడేలా చేసి, శ్రుతి సరిచేసే పనిముట్లు కూడా అందులోనే సర్ది పంపారు.

వంద రాకపోకల నియమం

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాల రాకపోకలు మొదలయ్యాక విమాన సంస్థలకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఎక్కడో ఒక విమానాశ్రయంలో యంత్రభాగం పాడైతే మరో నగరం నుంచి మంచి భాగం వెంటనే రావాలి, పాడైనది మరమ్మతుకు వెనక్కి వెళ్ళాలి. ప్రతిసారీ కొత్త చెక్కపెట్టె కొట్టించి, దిగిన చోట దాన్ని పగలగొట్టి పారేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పెట్టె బలహీనమైతే అంతకు ఎన్నో రెట్లు విలువైన భాగం చెడుతుంది. ఈ రెండు నష్టాలకూ మధ్య తూకం కుదర్చడానికి అమెరికా విమాన రవాణా సంస్థల సంఘం, అంటే ఏటీఏ, 1960లో ‘స్పెసిఫికేషన్ 300’ పేరిట ప్రమాణాలు విడుదల చేసింది.

ఆ ప్రమాణాల సారం వర్గీకరణలో ఉంది. మొదటి తరగతి పెట్టె కనీసం 100 సార్లు వెళ్ళిరావడానికి తట్టుకోవాలి. రెండో తరగతిది కనీసం 10 రాకపోకలకు ఆగాలి. మూడో తరగతిది ఒక్క ప్రయాణానికి సరిపోతే చాలు. పెట్టె మంచిదా చెడ్డదా అని కాక, ఎన్నిసార్లు తిరగవలసిన పెట్టె అని అడగడం ఇందులోని విశేషం. నేడు మార్కెట్లో ‘ఏటీఏ కేస్’ అని అమ్మేవన్నీ ఈ మొదటి తరగతికి చెందినవన్న భావంతో అమ్ముతారు గాని, ఆ మాట సాధారణంగా తయారీదారు తన పూచీమీద చెప్పుకునేదే తప్ప, ఒక్కో పెట్టెను పరీక్షించి సంఘం వేసిన ముద్ర కాదు. ఏటీఏ సంఘం 2011 చివరలో ‘ఎయిర్‌లైన్స్ ఫర్ అమెరికా’ అని పేరు మార్చుకున్నా, పాత పేరు మాత్రం పెట్టెల మీద నిలిచిపోయింది.

కాలిఫోర్నియాలో 1952 నుంచి పెట్టెలు చేస్తున్న ఆన్విల్ వంటి సంస్థలు ఈ తరహా నిర్మాణాన్ని సంగీత బృందాలకు అందించాయి. 1970 దశకంలో రాక్ బృందాలు లారీల కొద్దీ ధ్వనిపరికరాలతో దేశదేశాలు తిరగసాగాయి. ఆ యాత్రల్లో పెట్టె రక్షణ కవచంగానే కాక కొలమానంగా కూడా మారింది: ఐరోపా లారీల లోపలి వెడల్పు సుమారు 240 సెంటీమీటర్లు కనుక, 60 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెలు వరుసకు నాలుగు సందు లేకుండా ఇముడుతాయి. సందు లేకపోతే కుదుపు లేదు, కుదుపు లేకపోతే దెబ్బ లేదు.

బరువెక్కిన కీబోర్డులు

ఈ పెట్టెల అవసరం కీబోర్డు వాద్యకారులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1954లో వచ్చిన హామండ్ బీ-3 ఆర్గన్ పెడళ్ళు, బల్లతో కలిపి సుమారు 190 కిలోలు తూగేది; మోయలేక దాన్ని రెండుగా కోయించుకుని, కచేరీ చోట మళ్ళీ కలుపుకున్న వాద్యకారులున్నారు. 1970 నాటి రోడ్స్ స్టేజ్ పియానో 60 కిలోల దాకా ఉండేది. 1976లో యమహా తెచ్చిన సీపీ-70 నిజమైన తీగలు గల విద్యుత్ పియానో; తీగల భాగం, మెట్ల భాగం వేరుచేసి రెండు పెట్టెలుగా మోసుకుపోయేలా దాన్ని రూపొందించారు. అదే సంస్థ సీఎస్-80 సింథసైజర్ బరువు 80 కిలోలు దాటింది.

1983లో వచ్చిన డీఎక్స్-7 సుమారు 14 కిలోలే. చిప్పులతో బరువు సమస్య తీరినట్లే కనిపించింది గాని, పియానో స్పర్శ కోరుకునే వాద్యకారులకు తేలికపాటి ప్లాస్టిక్ మెట్లు సరిపోలేదు. 88 మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక చిన్న సుత్తి బరువు, వాటిని వంగకుండా మోసే లోహపు చట్రం చేరేసరికి వాద్యం మళ్ళీ బరువెక్కింది. యమహా మోంటాజ్-8 కచ్చితంగా 29 కిలోలు, రోలాండ్ ఆర్‌డీ-2000 21.7 కిలోలు తూగుతాయి. ఫ్లైట్ కేస్ ఎంపికలో అసలు పరీక్ష ఇలాంటి వాద్యాల దగ్గరే వస్తుంది.

పెట్టె లోగుట్టు

ఫ్లైట్ కేస్ పలక సాధారణంగా 6 నుంచి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానిమీద గీతలు పడనివ్వని ప్లాస్టిక్ లేదా ఫినాలిక్ పూత. పల్చని చెక్క పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించడం వల్ల ప్లైవుడ్ ఏ దిక్కునా తేలికగా చీలదు. పైగా వేడితో, ఒత్తిడితో జిగురుపట్టించిన చెక్క కనుక, పురుగుల వ్యాప్తిని అరికట్టడానికి 2002లో వచ్చిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం పచ్చి చెక్కపెట్టెలకు తప్పనిసరైన వేడి చికిత్స దీనికి అక్కరలేదు. పలకల కలయికల మీద అల్యూమినియం పట్టీలను రివెట్లతో బిగిస్తారు. మూత పట్టీకి గాడి, అడుగు పట్టీకి నాలుక ఉండి ఒకదానిలో ఒకటి కూర్చోవడం వల్ల మూత పక్కకు జరగదు, దుమ్మూ తేమా చాలావరకు చొరవు. సీతాకోకచిలుక రెక్కలవంటి తాళపు పిడి గల గొళ్ళెం చిన్న లోహపు గిన్నెలో ఒదిగి ఉండటానికి కారణం అందం కాదు. పైకి పొడుచుకు వచ్చిన ఏ భాగమైనా పక్క పెట్టెకు తగిలి ఊడిపోతుంది.

బయటి కవచం వాద్యాన్ని పొడిచే దెబ్బల నుంచి కాపాడుతుంది. కిందపడే దెబ్బనుంచి కాపాడేది లోపలి ఫోమ్. 60 సెంటీమీటర్ల ఎత్తునుంచి పెట్టె పడిందనుకుంటే, 5 సెంటీమీటర్ల ఫోమ్ అణిగి వాద్యాన్ని 3 సెంటీమీటర్ల దూరంలో ఆపితే, ఆ ఆపుదలలో వాద్యం మీద పడే సగటు తాకిడి దాని బరువుకు సుమారు ఇరవై రెట్లు. ఫోమ్ లేక 3 మిల్లీమీటర్లలోనే ఆగితే అది రెండువందల రెట్లవుతుంది. అందుచేత ఫోమ్ మందం మీద పొదుపు చేయడం వాద్యం మీద పొదుపు చేయడమే.

మందంతో పాటు గట్టిదనం కూడా చూడాలి, ఎందుకంటే పెట్టె ఏ పక్కన నిలబడితే ఆ పక్క ఫోమ్ మీదే బరువంతా పడుతుంది. మోంటాజ్-8 పొడవు 145, లోతు 46, ఎత్తు 17 సెంటీమీటర్లు. అది బల్లపరుపుగా పడుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 4 గ్రాముల భారం పడుతుంది. పొడవాటి అంచు మీద నిలబెడితే 12 గ్రాములు, కొస మీద నిట్టనిలువుగా నిలబెడితే 37 గ్రాములు అవుతుంది. అంటే అడుగున చక్కగా పనిచేసిన మెత్తని పాలీయురేథేన్ ఫోమ్ కొసల్లో పూర్తిగా అణిగిపోయి, గోడకు గోడలా మిగులుతుంది. కొసల్లోనూ, చక్రాలున్న వైపునా గట్టి పాలీఇథిలీన్ ఫోమ్ దిమ్మెలు పెట్టడం ఈ కారణం వల్లే. మూతలోని ఫోమ్ వాద్యపు చట్రం మీద, కొసల దిమ్మెల మీద ఆనాలి గాని మెట్ల మీద, తిప్పుడు బిళ్ళల మీద ఆనకూడదు. ఆనితే ప్రయాణమంతా సుత్తులు నొక్కుకుపోయే ఉంటాయి, బిళ్ళల కాడలు వంగుతాయి.

ప్లాస్టిక్ పోటీ, తక్కెడ తీర్పు

1970 దశకంలోనే మరో వంశం బయలుదేరింది. కాలిఫోర్నియాలో 1976లో పెలికాన్, 1977లో ఎస్‌కేబీ సంస్థలు మొదలై, అతుకులు లేకుండా అచ్చుపోసిన ప్లాస్టిక్ పెట్టెలను వ్యాప్తి చేశాయి. ఇవి వంగి మళ్ళీ సర్దుకుంటాయి, అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న రకాలు నీటినీ ఆపుతాయి, అన్నిటికీ మించి తేలిక. అయితే అచ్చు కొలతలు మారవు. ప్లైవుడ్ పెట్టెనైతే వాద్యపు కొలతలకు తగ్గట్టు చేయించుకోవచ్చు, విరిగిన గొళ్ళేన్ని రివెటు తీసి మార్చుకోవచ్చు, లారీలో దానిమీద మరో నాలుగు పెట్టెలు పేర్చవచ్చు.

చివరికి తీర్పు చెప్పేది తక్కెడ. మోంటాజ్-8కు చుట్టూ 5 సెంటీమీటర్ల ఫోమ్, 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెట్టె చేయిస్తే బయటి కొలతలు దాదాపు 157, 58, 29 సెంటీమీటర్లవుతాయి. పలకల వైశాల్యం మూడు చదరపు మీటర్లు దాటుతుంది. బిర్చ్ ప్లైవుడే 18 కిలోలు, పట్టీలు, చక్రాలు, ఫోమ్ కలిపితే పెట్టె 25 కిలోలు మించుతుంది. వాద్యంతో కలిసి 54 కిలోల పైమాట. విమాన సంస్థలు సాధారణంగా ఒక్కో లగేజీకి పాటించే గరిష్ఠ పరిమితి 32 కిలోలు. అది హమాలీల నడుములను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది కనుక అదనపు రుసుము కట్టినా చాలాచోట్ల సడలదు. అమెరికన్ సంస్థలకు మాత్రం 2012 నాటి చట్టాన్ని అనుసరించి 2015లో వచ్చిన నిబంధన ప్రకారం, మూడు కొలతల మొత్తం 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు, అంటే 381 సెంటీమీటర్లు, 75 కిలోలు మించని వాద్యాన్ని, విమానంలో భద్రంగా చోటు కుదిరినంతవరకు, లగేజీగా స్వీకరించవలసిన బాధ్యత ఉంది. పై పెట్టె మొత్తం 244 సెంటీమీటర్లే కనుక ఆ హద్దులో ఉంటుంది. అమెరికాలోని తెలుగు సంఘాల సభలకు హైదరాబాదు నుంచి వెళ్ళే వాద్యబృందాలు మధ్యలో వేరే దేశపు విమానం మారితే మాత్రం ఆ హక్కు వెంట రాదు, సరకు విభాగమే దిక్కు. అక్కడ ఘనపరిమాణాన్ని 6000తో భాగించి బరువు కడతారు. ఈ పెట్టెకు అది 44 కిలోలు, అసలు బరువు అంతకన్న ఎక్కువ కాబట్టి అసలు బరువుకే రుసుము పడుతుంది. కొరియర్ సంస్థల్లో 5000తో భాగించే పద్ధతి ఉన్నందున లెక్క దాదాపు 53 కిలోలకు చేరుతుంది.

కాబట్టి కొనుగోలుదారు ముందుగా అడగవలసిన ప్రశ్న 1960లో విమాన సంస్థలు అడిగినదే: ఇది ఎన్నిసార్లు తిరగాలి? దానికి తోడు, ఎవరు మోస్తారు? నెలనెలా లారీలో, నలుగురి చేతుల్లో తిరిగే వాద్యానికి ప్లైవుడ్ ఫ్లైట్ కేసుకు మించినది లేదు. సొంత కారులో, ఇద్దరి సాయంతో ఊళ్ళో కచేరీలకు వెళ్ళే వాద్యానికి చక్రాలున్న ప్లాస్టిక్ పెట్టె మేలు. ఏడాదికి ఒకటి రెండుసార్లే విదేశాలకు వెళ్ళే వాద్యకారుడు పెట్టె కొనడానికి ముందు, అదే నమూనా కీబోర్డు కచేరీ ఊళ్ళో అద్దెకు దొరుకుతుందేమో విచారించి, తన స్వరాల అమరికలను పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్ళడం అన్నిటికన్న చౌక. ఏది కొన్నా వాద్యం కొలతలను మెట్ల అంచు, బిళ్ళలు, వెనుక తీగలు గుచ్చే చోట్లతో సహా స్వయంగా కొలిచి, ఖాళీ పెట్టెను తూచి చూసి, ఆ అంకెను తాము ఎక్కబోయే విమాన సంస్థ నిబంధనతో సరిపోల్చుకున్నాకే డబ్బు చెల్లించాలి.