శాలిబండలో ఇళ్ళ మరమ్మతులు, గుత్తేదారు ఎంపిక

శాలిబండ హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు దక్షిణముగా ఉన్న ప్రాంతము. షా అలీ బండ అన్న పేరే వాడుకలో శాలిబండ అయినది. చార్మినారు వైపు నుండి ఫలక్‌నుమాకు పోయే రహదారి దీని మధ్యగా వెళుతుంది. లాల్ దర్వాజా, మొగల్‌పురా, అలియాబాదు దీని పొరుగు ప్రాంతాలు. రాయ్ రాయాన్ దేవిడీకి చెందిన గడియార స్తంభము ఇక్కడి ప్రసిద్ధమైన గుర్తు. ఇరుకు గల్లీలు, ఒకే గోడను పంచుకొనే ఇళ్ళు, సున్నపు గోడలపై తరువాతి కాలములో లేచిన సిమెంటు అంతస్తులు ఇక్కడ సాధారణముగా కనిపిస్తాయి. అందువలన ఇక్కడ పాత ఇంటిని బాగుచేయించుట కొత్త కాలనీలో ఇల్లు కట్టించుట కంటె చిక్కైన పని. ఆ పనిని ఎవరి చేతికి అప్పగించాలి అన్న నిర్ణయముపై ఇంటివారి సొమ్ముతో పాటు పక్కింటివారి భద్రత కూడా ఆధారపడి ఉంటుంది.

నేపథ్యము

1591లో చార్మినారు నిర్మాణముతో మొదలైన నగరము దక్షిణముగా విస్తరించిన క్రమములో ఈ ప్రాంతము జనావాసమైనది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి నగరములో వెడల్పు రోడ్లకు, కొత్త ఇళ్ళకు పూనుకున్నది. అయినప్పటికీ పాతబస్తీ లోపలి గల్లీలు చాలావరకు పాత రూపములోనే మిగిలాయి. లారీ రాలేని గల్లీలో ఇసుక, ఇటుక, సిమెంటు ఆటోలలోనో, తోపుడు బండ్లపైనో, కూలీల తలల మీదనో చేరాలి. ఈ మోత ఖర్చును ముందుగా లెక్కలో చూపని గుత్తేదారు పని మధ్యలో దానిని అదనముగా అడుగుతాడు. పాతబస్తీలో తగవులు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

పనివారిలో రకాలు

ఉదయము పూట కూడలిలో గుమికూడే అడ్డా కూలీలు రోజుకూలికి వస్తారు. ఒక గోడకు పూత, నాలుగు బండల మార్పు వంటి చిన్న పనులకు వీరు సరిపోతారు. వీరికి పైన మేస్త్రీ ఉంటాడు. అతడు తన కింద ఇద్దరు ముగ్గురు తాపీ పనివారిని, కూలీలను పెట్టుకొని కొలత రేటుకు పని చేస్తాడు. సామాను ఇంటివారే తెచ్చి ఇస్తారు. దీనినే లేబరు కాంట్రాక్టు అంటారు. సామానుతో సహా మొత్తము పనిని గుత్తకు తీసుకొనేవాడు గుత్తేదారు. ఉర్దూ వాడుకలో ఠేకేదార్. పాతబస్తీలో ఈ ఇద్దరి మధ్య హద్దు స్పష్టముగా ఉండదు. నిన్నటి మేస్త్రీ నేడు ఠేకేదారుగా పిలువబడవచ్చును.

ప్రభుత్వ శాఖలలో తరగతుల వారీగా నమోదైన గుత్తేదారులు ఉంటారు. అయితే ఆ నమోదు ప్రభుత్వ పనుల టెండర్ల కొరకు ఉద్దేశించినది. ఇళ్ళ మరమ్మతులలో నైపుణ్యానికి అది రుజువు కాదు. స్థిరాస్తి నియంత్రణ చట్టము (2016) కూడా ఇక్కడ అక్కరకు రాదు. అమ్మకము, ప్రకటన, కొత్త కేటాయింపు లేని మరమ్మతు పనులకు ఆ చట్టము క్రింద నమోదు అవసరము లేదు. కనుక గుత్తేదారు మంచిచెడ్డలను విచారించుకొనే బాధ్యత ఇంటివారిదే.

పాత గోడ తెలిసిన చేయి

ఈ ప్రాంతపు మరమ్మతులలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇది: వచ్చిన మనిషికి సున్నపు గోడ తెలుసునా? పాత ఇళ్ళ గోడలు రాతితో గాని ఇటుకతో గాని, డంగు సున్నముతో కట్టినవి. కాల్చిన సున్నపురాయిని నీటితో విరిపించి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లము, కరక్కాయ వంటివాటి నీరు చేర్చి వాడేవారు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. అది కొంత మెత్తగా ఉండి, గోడలోని చెమ్మను బయటకు పోనిస్తుంది. ఈ గోడలలో చాలావాటికి పునాది వద్ద చెమ్మ నిరోధక పొర ఉండదు కాబట్టి నేల తడి పైకి ఎక్కుతూనే ఉంటుంది.

అటువంటి గోడకు గట్టి సిమెంటు పూత వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. తడి పూత వెనుకనే పైకి పాకి, పూత ముగిసిన చోట బయటపడుతుంది. గోడ ఉప్పు పొంగుతుంది; కొన్నాళ్ళకు పూత పాత సున్నపు పొరను కూడా లాగుకొని పలకలుగా ఊడిపడుతుంది. "సిమెంటు వేస్తే గట్టిగా ఉంటుంది" అని మొదటి మాటగా చెప్పే మేస్త్రీకి ఈ సంగతి తెలియదనే అనుకోవచ్చును. 2019 మే నెలలో చార్మినారు మీనారు ఒకదాని నుండి గచ్చు పెచ్చు ఊడిపడినపుడు పురావస్తు శాఖ సున్నపు గచ్చుతోనే దానిని బాగుచేయించినది. ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. ఇటువంటి పనులలో చేయి తిరిగిన సున్నపు పనివారు నగరములో ఉన్నారు. వీరి కూలి ఎక్కువ, పనికి పట్టే రోజులూ ఎక్కువ. ప్రతి గోడకు వీరే కావాలని లేదు గాని, గోడ దేనితో కట్టినదో గీకి చూడకుండా ధర చెప్పేవాని ధరకు విలువ లేదు.

కప్పుల విషయములోనూ ఇంతే. ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు కట్టిన కప్పులు, కర్ర దూలాల కప్పులు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను పగులగొడుతుంది. ఆ పగులుపై పూత మెత్తి రంగు వేయుట మరమ్మతు కాదు, దాచుట మాత్రమే. స్లాబులోని కమ్మీలు బయటపడినపుడు వదులు కాంక్రీటును పూర్తిగా చెక్కి, కమ్మీల తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసిన తరువాతనే కొత్త పొర వేయాలి. నిజముగా పని తెలిసినవాడు ముందు చిన్న సుత్తితో కప్పును తట్టి, డొల్ల శబ్దము వచ్చిన మేరకు సుద్దతో గీత గీస్తాడు. ఆ తరువాతనే ధర మాట్లాడతాడు.

కర్ర, ఇనుప దూలాల కప్పుపై కొత్త అంతస్తు వేయదలచినపుడు మేస్త్రీ మాట చాలదు. నిర్మాణ ఇంజనీరు చేత గోడలను, పునాదిని పరీక్షింపజేయాలి. అతనికిచ్చే రుసుము మొత్తము ఖర్చులో చిన్న భాగమే.

విచారణ

గుత్తేదారు చూపించే ఫొటోల కంటె, అతడు రెండు మూడు వానాకాలాల క్రితము చేసిన పని ఎక్కువ చెబుతుంది. హైదరాబాదులో నైరుతి ఋతుపవన వర్షాలు జూను నుండి సెప్టెంబరు వరకు కురుస్తాయి. 2020 అక్టోబరు వంటి సంవత్సరాలలో ఆ తరువాత కూడా కుండపోత వానలు పడ్డాయి. నిన్న వేసిన పూత ఎవరిదైనా బాగానే ఉంటుంది. వానలకు నిలిచినదా లేదా అన్నది ఆ ఇంటివారే చెప్పగలరు. వారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని మాత్రమే: చెప్పిన ధరకు ముగించాడా, మధ్యలో వేరే పనికి పోయాడా, తరువాత లోపము వస్తే పిలిస్తే వచ్చాడా.

జరుగుతున్న పనిని కూడా ఒకసారి చూడవచ్చును. తూకపు గుండు, రసమట్టము వాడుతున్నారా? నీళ్ళు కలిపిన సిమెంటు మాలు గంటల తరబడి ఉండిపోయి, మళ్ళీ నీళ్ళు పోసి వాడబడుతున్నదా? సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసము 7 రోజులు, బూడిద వంటివి కలిసిన మిశ్రమ సిమెంటైతే కనీసము 10 రోజులు తడిపి ఉంచాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. శాలిబండ వంటి చోట నీటి సరఫరా వేళలు పరిమితము. కనుక తడుపుటకు నీరు ఎవరు తెప్పించాలి అన్నది ముందే తేల్చుకోవలసిన విషయము. ఇది చిన్న మాటలా కనబడుతుంది. స్లాబు బలము మాత్రము దీనిపైనే ఉంటుంది.

కనీసము ముగ్గురి వద్ద ధరలు తీసుకొనుట మంచి పద్ధతి. అయితే ముగ్గురికీ ఒకే పని జాబితా ఇవ్వకపోతే ఆ ధరలను పోల్చుటకు వీలుండదు. అందరికంటె బాగా తక్కువ చెప్పినవాడు తరచుగా ఏదో ఒకటి వదిలివేసి ఉంటాడు: పాత పూత చెక్కుట, శిథిలాల తరలింపు, గోవా కట్టుట వంటివి. నగర శిథిలాలను శుద్ధి చేయుటకు జీడిమెట్లలో 2020లో, ఫతుల్లాగూడలో 2021లో కేంద్రాలు ప్రారంభమైనాయి. శిథిలాలను నాలా పక్కన పారబోసి పోయే గుత్తేదారు వలన జరిమానా ఇంటివారిపై పడే అవకాశము ఉన్నది.

ఒప్పందము, చెల్లింపులు

భారత ఒప్పందాల చట్టము (1872) ప్రకారము నోటిమాట ఒప్పందము కూడా చెల్లుతుంది, కాని దానిని రుజువు చేయుట కష్టము. రెండు పుటల కాగితము చాలును. అందులో పని వివరము, సిమెంటు, కమ్మీల రకము, మాలు పాళ్ళు, రేటు, గడువు, చెల్లింపు దశలు, కూలీలకు ప్రమాదము జరిగితే బాధ్యత, లోపాలు సరిదిద్దే కాలము ఉండాలి. పాత ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే, వారందరి సమ్మతి కాగితముపై లేకుండా గోడ పగులగొట్టరాదు. ఉమ్మడి గోడ విషయములో పక్కింటివారి మాట కూడా అవసరము. పని సగములో కోర్టు నిలుపుదల ఉత్తర్వు వస్తే బయానా గుత్తేదారు వద్దనే ఉండిపోతుంది.

కొలత రేటు పనులలో తలుపులు, కిటికీల విస్తీర్ణమును తీసివేయుటపై వాదులాట సామాన్యము. పూత పనికి భారతీయ ప్రమాణాల కొలత పద్ధతిలో 0.5 చదరపు మీటరు లోపు ఖాళీలను తీసివేయరు, 0.5 నుండి 3 చదరపు మీటర్ల వరకు ఉన్నవాటిని ఒక వైపు మాత్రమే తీసివేస్తారు. ఉదాహరణకు 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల తలుపు సుమారు 1.95 చదరపు మీటర్లు. గోడ రెండు వైపులా పూత వేసినా తగ్గింపు ఒక వైపే. రెండవ వైపు మిగిలే కొలత తలుపు అంచుల పూతకు సరిపెట్టబడుతుంది.

చెల్లింపు ఎప్పుడూ పని వెనుక నడవాలి. ఉదాహరణకు 4 లక్షల రూపాయల పనికి 40 వేలు బయానా ఇచ్చి, తరువాతి సొమ్మును ముగిసిన పని మేరకు ఇస్తూ, చివరి 20 వేలను ఒక వానాకాలము గడిచేవరకు ఆపుకొనుట సమంజసము. ఇది గుత్తేదారుకు అన్యాయము కాకూడదు. శనివారము కూలీలకు కూలి ఇవ్వవలసినవాడు అతడే. ముగిసిన దశకు సొమ్ము ఆపితే పనివారు సోమవారము వేరే చోటికి పోతారు. మహబూబ్‌నగర్ జిల్లా నుండి, ఉత్తరాది రాష్ట్రాల నుండి వచ్చే కూలీలు పండుగలకు ఊళ్ళకు వెళతారు. రంజాను నెలలోనూ, బోనాల రోజులలోనూ పని మందగిస్తుంది. గడువు నిర్ణయించేటపుడు ఈ రోజులను లెక్కించని ఒప్పందము మొదటి నుండే తప్పుడు ఒప్పందము.

విద్యుత్తు పని

2025 మే 18న చార్మినారు సమీపములోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనములో జరిగిన అగ్నిప్రమాదములో 17 మంది మరణించారు. విద్యుత్ షార్టు సర్క్యూటు కారణమై ఉండవచ్చునని అధికారులు అనుమానించారు. పాత ఇళ్ళలో ఒకటి రెండు దీపాల కొరకు వేసిన తీగలపై నేడు ఏసీలు, గీజర్లు నడుస్తున్నాయి. దీపాలకు 1.5, సాధారణ సాకెట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుట పరిపాటి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే రక్షణ స్విచ్చి, సరైన ఎర్తింగు తప్పనిసరిగా ఉండాలి. గోడ పని చేసే గుత్తేదారు "కరెంటు పని కూడా మావాడే చూస్తాడు" అన్నపుడు, ఆ మనిషికి ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా అని అడుగవలెను.

అనుమతులు

వెల్ల, పూత, నేల బండల మార్పు వంటివాటికి సాధారణముగా అనుమతి అవసరము లేదు. కొత్త అంతస్తు, కొత్త గది, ఇంటి ఆకృతి మార్పులకు నగరపాలక సంస్థ అనుమతి కావాలి. 2020 నాటి తెలంగాణ చట్టము 75 చదరపు గజాల లోపు స్థలములో, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి బదులు నమోదు చాలునని చెప్పినది. చార్మినారు వంటి కేంద్ర రక్షిత కట్టడాల నుండి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణము నిషిద్ధము. మరమ్మతుకు కూడా ముందస్తు అనుమతి కావాలి. ఆ పరిధి శాలిబండ దాకా రాదు. కూలిపోయే స్థితిలో ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించుటకు, బాగుచేయించుటకు, పడగొట్టించుటకు నగరపాలక చట్టములోని 456వ సెక్షను కమిషనరుకు అధికారము ఇస్తున్నది. "అనుమతి సంగతి నేను చూసుకుంటాను" అనే గుత్తేదారు మాట నోటీసు వచ్చిన నాడు అక్కరకు రాదు; నోటీసు యజమాని పేరుననే వస్తుంది.

మెట్రో మార్గము, కోత పడిన ఇళ్ళు

మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల పాతబస్తీ మెట్రో మార్గములో శాలిబండ ఒక స్టేషనుగా ప్రతిపాదించబడినది. రోడ్డు వెడల్పు కొరకు ఆస్తుల సేకరణ జరిగి, చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారము నిర్ణయించబడినది. 2025 జనవరిలో కూల్చివేతలు మొదలైనాయి. ముందు భాగము మాత్రమే పోయి, వెనుక భాగము మిగిలిన ఇళ్ళ మరమ్మతు ప్రత్యేకమైన పని. ముందు గోడ పోగానే అడ్డ గోడలకు ఊతము తగ్గుతుంది. దూలాల ఒక కొన గాలిలో ఉంటుంది. ఇటువంటి చోట మొదటి పని కొత్త ముఖభాగము కాదు, కప్పుకు తాత్కాలిక ఊతకోలలు పెట్టుట. కోత గీత వద్ద కొత్త స్తంభాలు వేసి, వాటిపై దూలపు కొనలను నిలిపిన తరువాతనే ముందు గోడ కట్టాలి. పరిహారపు సొమ్ము చేతిలో ఉన్న సమయములో దుకాణపు షట్టర్లు, అద్దాల ముఖభాగము చూపించి పెద్ద బయానా అడిగేవారు త్వరగా వస్తారు. ఇంజనీరు గీసిన నక్షా లేకుండా ఆ పని మొదలుపెట్టుట ప్రమాదకరము.

వివాదాలు

గృహనిర్మాణము కూడా సేవయే అని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తీర్పు చెప్పినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము లోపభూయిష్టమైన పనిపై రెండు సంవత్సరాల లోపు జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులు జిల్లా కమిషను పరిధిలోనికి వస్తాయి. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. న్యాయవాది తప్పనిసరి కాదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. ఒప్పంద పత్రము, బ్యాంకు ద్వారా జరిగిన చెల్లింపుల వివరాలు, తేదీలతో కూడిన ఫొటోలు, లోపాన్ని తెలుపుతూ గుత్తేదారుకు పంపిన నోటీసు ఇక్కడ సాక్ష్యాలు. వేరొక మేస్త్రీ చేత లోపాన్ని బాగుచేయించుకొనుటకు ముందే ఇంజనీరు నివేదిక తీసుకొనుట అవసరము. పూత కప్పివేసిన తరువాత పాత లోపాన్ని చూపించుటకు వీలుండదు.