కొడుక్కి తొడిగిన వేషం

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ ఇంటికెళ్లినా గోడ మీద ఒక చిన్నికృష్ణుడి ఫొటో కనిపించే అవకాశం ఎక్కువ. కిరీటం కళ్ల మీదికి జారుతుంటుంది, చేతిలో పిల్లనగ్రోవి ఉంటుంది. మొహంలో మాత్రం దేవుడుండడు. ఎప్పుడు దింపుతారా అని చూసే మూడేళ్ల పిల్లాడుంటాడు. పికాసో 1924లో వేసిన ‘హార్లెక్విన్ వేషంలో పాల్’ బొమ్మను చదవడానికి ఈ తర్ఫీదు చాలు.

హార్లెక్విన్ ఇటలీ సంచార నాటకాల్లోని ఆకతాయి నౌకరు. మొదట్లో వాడి బట్టల నిండా పేదవాడి మాసికలే. పోనుపోను ఆ మాసికలే ముచ్చటైన డైమండ్ గళ్లయ్యాయి.

ఈ వేషం పికాసో ముందు తనకే వేసుకున్నాడు. 1905లో పారిస్ పానశాల ‘లాపాన్ అజిల్’లో కూర్చున్నట్టు గీసిన హార్లెక్విన్ ఆయనే. 1915లో మళ్లీ హార్లెక్వినే, ఈసారి క్యూబిజం పద్ధతిలో ఒట్టి పలకలుగా. 1917లో ‘పరేడ్’ అనే బాలేకి తెరలు, దుస్తులు తయారుచేసే పని మీద రోమ్ వెళితే, నర్తకి ఓల్గా పరిచయమైంది. 1918లో పెళ్లి, 1921లో కొడుకు పాల్.

అప్పటికి విమర్శకులు పికాసో క్యూబిజం వదిలేసి పాత దారి పట్టాడంటున్నారు. ఈ పిల్లాడి మొహం చూస్తే నిజమే అనిపిస్తుంది: బుగ్గల నునుపు, కళ్లలో బెరుకు, అచ్చం పాతకాలపు పనితనం. మెడ కిందికి రండి. పసుపు, నీలం గళ్లు చదునుగా, పలకలు పలకలుగా పరుచుకున్నాయి. క్యూబిజం ఎక్కడికీ పోలేదు, చొక్కాలో దాక్కుంది! బట్టే అలా ఉంటే ఎవరేమంటారు?

కుర్చీ కాళ్లూ, పిల్లాడి పాదాలూ గీతల దగ్గరే ఆగిపోయాయి. వెనక గోడ లేదు, కింద నేల లేదు. పిల్లాడు విసిగి దిగిపోయాడేమో అని సరదాకి అనుకోవచ్చు గానీ, పికాసో ఆ బొమ్మను అమ్మకుండా, పూర్తిచేయకుండా 1973లో పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. వారసత్వపు పన్ను కింద అది 1979లో ఫ్రెంచి ప్రభుత్వానికి చేరింది. ఇప్పుడు పారిస్ పికాసో మ్యూజియంలో ఉంది.

1925లో అదే పిల్లాడికి పియెరో అనే మరో నాటక పాత్ర తెల్లబట్టలు తొడిగి ఇంకో బొమ్మ వేశాడు. ముద్దుగానే ఉంటుంది. ఆ బట్టల్లో గళ్లు లేవు; నా కంటికి అది హార్లెక్విన్ ముందు తేలిపోతుంది.