టిక్కు గడి కథ

ఉపాధ్యాయుడు జవాబు పత్రం దిద్దేటప్పుడు ఒప్పుకు టిక్కు, తప్పుకు ఇంటూ గుర్తు వేస్తాడు. బ్రిటన్‌లో ఓటరు అదే ఇంటూ గుర్తును తనకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదుట వేస్తాడు. 1872 నాటి బాలెట్ చట్టం నుండి అక్కడ ఇదే పద్ధతి. ఒకచోట నిరాకరణ, మరొకచోట అంగీకారం! కంప్యూటరు తెరమీద మనం నొక్కే చిన్న గడి చరిత్రలోనూ ఈ చిక్కు ఉన్నది.

నిజానికి యంత్రానికి గుర్తుతో పనిలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ అట్టకార్డులు వాడినాడు. ఒక్కొక్క సమాధానానికి కార్డులో ఒక స్థానం. అక్కడ రంధ్రం ఉంటే లోహపు సూది దానిగుండా దిగి, క్రింది గిన్నెలోని పాదరసాన్ని తాకేది. విద్యుత్ వలయం పూర్తయి, లెక్కించే ముల్లు ఒక అంకె ముందుకు జరిగేది. రంధ్రం లేకుంటే సూది అక్కడే ఆగిపోయేది.

తెర వచ్చిన తరువాత మనిషి కంటికి ఆనవాలు అవసరమైనది. 1984 నాటి మాకింతోష్, 1992 నాటి విండోస్ 3.1 గడిలో ఇంటూ గుర్తునే చూపినవి. 1995లో విండోస్ 95 దానిని టిక్కుగా మార్చింది.

1992లోనే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాధనం వెలువడింది. దాని ఫారంలో టిక్కు గడి చట్రాన్ని ఎంత సాగదీసినా లోపలి గడి పెరగదు. అందుకని వాడుకదారులు ఒక ఉపాయం పన్నినారు. గడికి బదులు అక్షరాలు చూపే పెట్టెను ఉంచి, బొమ్మల ఫాంటైన వింగ్‌డింగ్స్‌ను వాడినారు. అందులో 254వ సంకేతం టిక్కు ఉన్న గడి, 168వది ఖాళీ గడి. అక్షరం కనుక కోరిన పరిమాణం, కోరిన రంగు ఇవ్వవచ్చు. అయితే 253వది ఇంటూ ఉన్న గడి; దానిని చూసి ఒకరు అవునని, మరొకరు కాదని అనుకోవచ్చు. లోపల దాచిన విలువ మాత్రం మారదు: అవునుకు -1, కాదుకు 0.

అసలు ప్రమాదం రూపంలో కంటే శూన్యంలో ఎక్కువ. “టీకా వేయించినారా?” అనే ప్రశ్నకు గడి ఖాళీగా ఉన్నదనుకోండి. వేయించలేదనా, లేక ఎవరూ అడగలేదనా? యాక్సెస్‌లోని అవును–కాదు ఫీల్డు శూన్యాన్ని దాచుకోలేదు. అడగని ప్రశ్నకూ 0 అనే వ్రాసుకొంటుంది. లెక్క కట్టేనాటికి ఆ పిల్లవాడు టీకా లేనివారి జాబితాలో చేరిపోతాడు. దీనికి విరుగుడు ఉన్నది. సంఖ్యా ఫీల్డును విలువ లేకుండా వదలవచ్చు. దానికి మూడు స్థితులు గల గడిని జోడిస్తే, అడగని ప్రశ్న తెరమీద వేరుగా కనిపిస్తుంది.

కాబట్టి గడికి అందం దిద్దకముందు, దానికి ఎన్ని సమాధానాలు ఉండగలవో లెక్కపెట్టుకోవాలి.