పైనున్నవాడి ప్రాణం, కిందున్నవాడి సలహా

పూలమ్మిన చోట కట్టెలమ్మడం అంటే మన వాళ్ల లెక్కలో బతుకు దిగజారడం. ఈ సామెత కట్టిన పెద్దమనిషి ఎవరోగాని, రెండు వ్యాపారాల్లో ఏదీ చేసి ఉండడు. పొద్దుగూకేసరికి పూలు వాడతాయి, మిగిలినవి పెంటకుప్పకే. కట్టెలు మిగిలితే ఇంకాస్త ఎండుతాయి, రేపు ఇంకాస్త బాగా మండుతాయి. కాటా మీద మాత్రం తేలికవుతాయి. ఆ గొడవ తర్వాత చెప్పుకుందాం.

విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం పోయే దారిలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంది తిరువూరు. ఊరికి రైలు లేదు. నిన్నటి కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. విస్సన్నపేట, ఎ.కొండూరు, రెడ్డిగూడెం, ఆపైన నూజివీడు దాకా ఎటు చూసినా మామిడి తోటలు. కాయ దిగిపోయి మొదటి వానలు పడగానే తోటల్లో కత్తిరింపులు మొదలవుతాయి. ఎండు కొమ్మలు, తెగులు కొమ్మలు, చెట్టు నడిమికి ఎండ తగలనీయకుండా గుబురెక్కిన కొమ్మలు తీసేయాలి. పైకెక్కి కోసేవాడు చెట్టుకు వైద్యుడు. ఆ కొమ్మల్నే మోపు కట్టో, ట్రాక్టరుకెత్తో అమ్మితే కట్టెల వర్తకుడు. వైద్యం చేసిన చేత్తోనే కోసిన అవయవాన్ని అమ్ముకునే హక్కు లోకంలో ఈ ఒక్క డాక్టరుకే ఉంది.

చెట్ల మీద డాక్టర్ల పెత్తనం మనకు కొత్తదేమీ కాదు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అడవుల సంరక్షణాధికారిగా కూర్చున్న హ్యూ క్లెఘార్న్ చదివింది వైద్యం. పట్టాల కింద స్లీపర్లకీ, ఇంజన్ల కడుపులోకీ అడవి అంతా పోతోందని కుంపెనీ వారికి అప్పటికి బెంగ పట్టుకుంది. మద్రాసు చుట్టుపక్కల కోస్తా ఇసుకలో సరుగుడు తోటలు పెంచిందీ ప్రధానంగా రైలు పొయ్యి కోసమే. ఇక 1876లో ఆర్.హెచ్. బెడ్డోమ్ అనే అటవీ అధికారి మెట్ట నేలల కోసం ఒక ముళ్లచెట్టు గింజలు కావాలని రాశాడు. మరుసటి ఏడు జమైకా నుంచి వచ్చిన గింజలు కడప జిల్లా కమలాపురంలో పడ్డాయి. అదే మన సర్కారు తుమ్మ. సర్కారు పిలిచింది, వచ్చింది, ఇక పొమ్మన్నా పోవడం లేదు. బొగ్గు బట్టీలవాళ్లు మాత్రం దాన్ని తిట్టరు. నరికిన కొద్దీ చిగిర్చే చెట్టు వాళ్లకు వరం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, పుల్లలేరుకోవడానికి నిన్నటిదాకా అడగని అనుమతి అడగాల్సి వచ్చింది. తల మీది మోపు ఒక్కసారిగా దొంగసొత్తయింది. గొడ్డు మేసినా పన్ను కట్టాలి, దాని పేరు పుల్లరి. కృష్ణ దాటితే పల్నాడు. అక్కడ ఈ కోపం సత్యాగ్రహమైంది, 1922 ఫిబ్రవరిలో దాన్ని నడిపిన కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసింది. కట్టెల కథల్లో ఫారెస్టు గార్డు ఎప్పుడూ ప్రతినాయకుడే కావడానికి కారణం ఈ చరిత్రలో ఉంది. చందమామ కథల్లో కట్టెలు కొట్టేవాడికి అడవిలో దేవత కనిపిస్తుంది. అసలు అడవిలో కనిపించేవాడు గార్డు, అతను ఇచ్చేది బంగారు గొడ్డలి కాదు. ఉన్న ఇనప గొడ్డలి కూడా పట్టుకుపోతాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషనైనప్పుడు కట్టెకు మళ్లీ రోజులొచ్చాయి. బస్సుల వెనక పీపాలు బిగించి, వాటిలో కట్టెబొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడిపారు. బస్సు కదలాలంటే ముందు క్లీనరు చక్రం తిప్పి తిప్పి నిప్పు రగల్చాలి. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. టికెట్టు కొన్నది కూర్చోవడానికా, తొయ్యడానికా అన్న వేళాకోళం ఆ తరం పెద్దలకు బాగా గుర్తు.

ఇక కట్టెలమ్మే అడితి సంగతికొద్దాం. దుంగలు ఒక పక్క, చీల్చిన పేళ్లు ఒక పక్క, చిదుగులు ఒక మూల, మధ్యలో కాటా. వెనకటి లెక్క మణుగుల్లో నడిచేది. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక పుట్టి. మెట్రిక్ తూకాలొచ్చాక కిలోలు, క్వింటాళ్లు. తూకం పేరు మారిందిగాని తగాదా మారలేదు. పచ్చి కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్లే. అంటే కొనేవాడు సగం డబ్బు పెట్టి నీళ్లు కొంటున్నాడు. ఆ నీళ్లు ఆవిరి కావడానికి మిగతా సగం కట్టె తగలేస్తున్నాడు. అమ్మేవాడు నిజాయితీగా ఆరబెడితే తూకంలో నష్టపోయేది అతనే. ఇంతకంటే మనిషిని దొంగను చేసే వ్యాపార సూత్రం ఇంకోటి చూడలేదు.

అందుకే అడితి సంభాషణలన్నీ తడి చుట్టూనే తిరుగుతాయి. “ఎండినయ్యేనా?” అని అమ్మగారు అడుగుతారు. “నిరుటి నుంచీ ఎండలోనే ఉందమ్మా!” అని జవాబు. అబద్ధం లేదు. నిరుడంతా అది చెట్టుగా ఎండలో నిలబడే ఉంది. తెలిసినవాళ్లు మాట వినరు, కట్టె మాట వింటారు. రెండు పేళ్లు ఒకదానికొకటి కొడితే ఎండుది ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. కోసిన మొహం మీద నెర్రెలు చూస్తారు, బెరడు గోటితో లాగి చూస్తారు. ఏ చెట్టుకు ఏ గుణమో వంటింటి ఆడవాళ్లకు తెలిసినంతగా అడితి యజమానికి కూడా తెలియదేమో. సరుగుడు గబుక్కున అంటుకుంటుంది. తుమ్మ నిదానం, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. మామిడి మెత్తన, పొగ ఎక్కువ. చింత చీల్చేవాడి ప్రాణం తీస్తుంది, కానీ ఆ నిప్పు ముందు ఏదీ ఆగదు. కోపమొచ్చిన కళ్లను చింతనిప్పులన్నది ఊరికే కాదు.

చింత మొద్దు చీల్చడం మీదే హాస్యం ఎక్కువ పుడుతుంది. పీచు మెలితిరిగి ఉంటుంది, కణుపు దగ్గర గొడ్డలి దిగి ఇరుక్కుంటుంది. ఇనప చీల దింపి సుత్తితో కొట్టాలి. కూలి రోజు లెక్కనైతే మొద్దు మీద పద్యాలు కూడా పాడతారు. గుత్తకైతే మొద్దును చూడగానే దండం పెట్టి పక్కకు తిప్పుతారు. చీల్చేటప్పుడు “హఁ” అని ఊపిరి వదలకపోతే దెబ్బ పడదంటారు. ఆ హుంకారానికి కూడా కూలి ఇవ్వాలని అడిగినవాడు ఎవడో, శబ్దానికి శబ్దంతోనే చెల్లు అని డబ్బులు గలగలలాడించి జేబులో వేసుకున్న షావుకారు ఎవడో, ఈ కథ మనదేశంలో చాలా భాషల్లో తిరుగుతుంది.

శ్మశానం కట్టెలు కూడా చాలాచోట్ల ఈ అడితుల నుంచే పోతాయి. చితికి మామిడి కట్టె మంచిదని నమ్మకం, తోటల సీమలో దానికి కొదవ లేదు. అక్కడ బేరం ఉండదు. డబ్బు పుచ్చుకున్నాక అందరికీ చెప్పే “మళ్లీ రండి” అన్న మాట మాత్రం నోరు జారకుండా చూసుకోవాలి. 2021 కోవిడ్ వేసవిలో మాత్రం అడితుల్లో ఎవరూ నవ్వలేదు.

ఇక చెట్టు పైకి. కొమ్మ కొయ్యడంలో మొదటి పాఠం కాళిదాసు కథలోనే ఉంది, కూర్చున్న కొమ్మను నరకొద్దు. రెండో పాఠం పుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు. కొమ్మను పైనుంచి కోసుకుపోతే సగంలో బరువుకు విరిగి, మాను బెరడు మూర దాకా చీల్చుకుని పడుతుంది. చెట్టుకు ఆ గాయం మానదు. అందుకని ముందు కింద ఒక గాటు, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోత, చివర మిగిలిన మొండిని మాను దగ్గరి ఉబ్బు తెగకుండా దాని అంచున తీసెయ్యడం. లండన్‌లో చెట్ల సర్జన్లుగా పట్టా పుచ్చుకున్నవాళ్లు నేర్చేదీ ఇదే. వాళ్లకు శిరస్త్రాణం, నడుముకు జీను ఉంటాయి. మనవాడికి మోకు, లుంగీ, కింద ఒక బావ.

కింద బావ చేతిలో తాడుంటుంది. తాడు ఎవరికివ్వాలన్నదాని మీద ఒక జోకు ఉంది. మనం బాకీ ఉన్నవాడికివ్వాలట, వాడు మనల్ని చచ్చినా పడనివ్వడు. పైవాడు అరిచే మాటా, కిందివాడి మాటా ఎప్పుడూ కలవవు. తోట యజమాని చెట్టు కింద చెయ్యి అడ్డం పెట్టుకుని “ఆ కొమ్మ కాదు, ఆ పక్కది, ఇంకొంచెం అటు” అంటుంటే, “మీరు కూడా పైకి రండి అయ్యగారూ, ఇక్కణ్నుంచి ఇంకా బాగా కనబడుద్ది” అన్నది వీళ్ల ఆయుధం. మర్యాద తప్పలేదు, పని ఆగలేదు, యజమాని నోరు మాత్రం మూతపడింది. కూలివాడు యజమానిని వెక్కిరించగల చోటు నేల మీద తక్కువ. చెట్టెక్కితే ఆ ధైర్యం వస్తుంది. ఈ పనిలో పుట్టిన హాస్యమంతా ఆ ఎత్తు ఇచ్చిందేనని నాకనిపిస్తుంది.

కరెంటు తీగల దగ్గర మాత్రం హాస్యాలు చెల్లవు. తీగల పక్క కొమ్మ కొట్టాలంటే ఎల్‌సీ తీసుకోవాలి, అంటే లైను ఆపించాలి. ఆపేశామన్న కబురు ఎవరి నోట వచ్చిందన్నదే ప్రాణం. పచ్చి కొమ్మ తీగకు తగిలితే అదే తీగవుతుంది.

చెట్టు వైద్యానికి మన దగ్గర పాత శాస్త్రమే ఉంది. సురపాలుడి వృక్షాయుర్వేదం చెట్లకూ వాత, పిత్త, కఫ దోషాలుంటాయంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పడి ఉన్న ఆ ప్రతిని నళినీ సాధలే ఇంగ్లీషులోకి తెస్తే, వై.ఎల్. నేనె స్థాపించిన ఆసియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ 1996లో సికింద్రాబాద్ నుంచి అచ్చువేసింది. ఇప్పటి తోటల్లో చికిత్స ఇంకాస్త మోటుగా ఉంటుంది. మామిడి మానులో పురుగు తొలిచిన రంధ్రం కనబడితే తీగ దూర్చి పురుగును గుచ్చి లాగుతారు. పెట్రోల్లో ముంచిన దూది కూరి బంకమన్నుతో మూసేస్తారు. కోసిన గాయాలకు బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఈ నీలి మందు పుట్టుక కూడా నవ్వుతాలుదే. ఫ్రాన్స్‌లో దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోసుకు తినకుండా, చూడగానే భయపడాలని రోడ్డు పక్క తీగల మీద తుత్తం, సున్నం చల్లేవాళ్లు. వాటికే తెగులు రాలేదని 1882లో మియార్దే అనే ఆచార్యుడు గమనించి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం కలిపిన మందు తోటల్ని కాపాడింది. మామిడికాయ దొంగల మీద మాత్రం ఇంతవరకూ ఏ మందూ పనిచేయలేదు.

2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోరిపైరిఫాస్ కలిపిన నీళ్లు చుక్కచుక్కగా ఎక్కించారు. ఏడు వందల ఏళ్ల రోగికి గ్లూకోజు పెట్టారని పత్రికలన్నీ ఫొటోలేశాయి. 2024 ఆగస్టులో గోదావరి ఒడ్డున కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో నటించిన నిద్రగన్నేరు కూలితే, దాని మొదలుకు చికిత్స చేయించారు, చిగురేసింది. పేరున్న చెట్టుకు వైద్యం, పేరులేని చెట్టుకు రంపం.

పొయ్యికి పొగనూ, కట్టెనూ వదిలించాలన్న ప్రయత్నాలూ పాతవే. హైదరాబాద్‌లో ఇంజనీరు ఎస్.పి. రాజు 1950ల మొదట్లోనే గొట్టం పెట్టిన పొగలేని పొయ్యి కట్టి పుస్తకం రాశాడు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల, 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. ఇళ్ల బేరం అడితిని వదిలిపోయింది. 2002 వాల్టా చట్టం వచ్చాక చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. సుబాబుల్, జామాయిల్, సరుగుడు లాంటి వాటికి మినహాయింపు. అందుకే తిరువూరు దారిలో సారపాక కాగితం మిల్లు వైపు పోయే లారీల్లో కనిపించేవి సుబాబుల్, జామాయిల్ దుంగలే. ఒకప్పుడు పొయ్యిలోకి పోయే కట్టె ఇప్పుడు నోటుపుస్తకం అవుతోంది.

అడితికి మిగిలింది ఇటుక బట్టీలు, పెళ్లి వంటలు, హోటళ్లు. అన్నట్టు ఆ హోటళ్లే కట్టెను మళ్లీ గొప్పదాన్ని చేశాయి. హైవే మీద “కట్టెల పొయ్యి బిర్యానీ” అని బోర్డు పెట్టి గ్యాసు బిర్యానీ కంటే ఎక్కువ పుచ్చుకుంటున్నారు. అక్కడ కట్టె దించి వచ్చే మనిషి ఇంట్లో వంట గ్యాసు మీదే. దించినవి పచ్చివని హోటలు వంటమాస్టరు గొణుగుడు. నిరుటి నుంచీ ఎండలోనే ఉన్నాయని అడితి జవాబు.