‘భూమిపుత్రిక’ మళ్ళీ వెలుగు చూచిన కథ

నిషేధించిన పుస్తకానికి కనీసం పేరైనా మిగులుతుంది. రెండో ముద్రణకు నోచుకోని పుస్తకానికి అదీ మిగలదు. అంగట్లో దొరకని నవలను పాఠ్యప్రణాళికలో పెట్టరు. పాఠ్యప్రణాళికలో లేని నవలను ప్రచురణకర్త ముట్టడు. కళాశాలలో నవలా సాహిత్యం బోధిస్తున్న నాకు ఈ చక్రం తిరిగే తీరు బాగా తెలుసు.

ఈ చక్రం కింద నలిగి మళ్ళీ బయటపడిన నవలల్లో ఆగ్నెస్ స్మెడ్లీ రాసిన ‘డాటర్ ఆఫ్ ఎర్త్’ ఒకటి. 1929లో వెలువడింది. స్మెడ్లీ 1892లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పేదరైతు కుటుంబంలో పుట్టి, కొలరాడో గనుల ఊళ్ళలో పెరిగింది. కథానాయిక మేరీ రోజర్స్ బతుకు ముప్పాతిక మువ్వీసం ఆమెదే. మేరీ తల్లి పరుల బట్టలుతికి పిల్లల్ని సాకుతుంది. ఆ చాకిరీలోనే అరిగి చనిపోతుంది. పిన్ని హెలెన్ ఒళ్ళమ్ముకొని ఆ సంసారాన్ని ఆదుకుంటుంది. రచయిత్రి ఆ పిన్నిని నీతి తక్కెడలో తూచదు. మొగుడి దగ్గర చేయి చాచవలసిన ఇల్లాలి పక్కన ఆమెను నిలబెట్టి చూపుతుందంతే.

మేరీ న్యూయార్కు చేరి భారత విప్లవకారులతో కలిసి పనిచేస్తుంది. ఇదీ స్వానుభవమే. 1918లో స్మెడ్లీని అక్కడ గూఢచర్య చట్టం కింద నిర్బంధించారు. తర్వాత బెర్లిన్‌లో ఆమె జీవిత సహచరుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. ఆయన హైదరాబాదులో పుట్టినవాడు, సరోజినీ నాయుడు తమ్ముడు. నవలలోని ఆనంద్‌కు మూలం ఆయనే.

నవల ఆయువుపట్టు ఇక్కడే వుంది. ఉద్యమంలోని సహచరుడే ఒకడు మేరీని బలాత్కరిస్తాడు. ఆ సంగతే తర్వాత ఆమె భర్తను దెబ్బకొట్టే ఆయుధమవుతుంది. ఆంగ్ల సామ్రాజ్యాన్ని కూలదోయటానికి సిద్ధపడిన ఆనంద్, భార్య గతం దగ్గరికి వచ్చేసరికి తాతలనాటి మనిషైపోతాడు. ఆ కాపురం నిలవదు. మన అభ్యుదయ విమర్శ గోర్కీ ‘అమ్మ’ను నెత్తిన పెట్టుకుంది, న్యాయమే. కాని అమ్మ కొడుకు అడుగుజాడల్లో ఉద్యమంలోకి వస్తుంది. మేరీ ఎవరి వెంటా రాదు. వచ్చాక ఉద్యమాన్నే నిలదీస్తుంది. అటువంటి కథానాయికను భుజాన మోయటం ఏ పార్టీ పత్రికకైనా అంత సులువు కాదు!

స్మెడ్లీ 1928 చివర చైనా వెళ్ళింది. ఎర్రసేన గురించి రాసిన పుస్తకాలే ఆమె పేరుగా నిలిచాయి. 1949లో అమెరికా సైన్యం నివేదిక ఒకటి ఆమెను సోవియట్ గూఢచారి అన్నది. రుజువు లేక సైన్యమే వెనక్కు తగ్గినా మచ్చ పోలేదు. 1950లో ఆక్స్‌ఫర్డులో కన్నుమూసింది; అస్థికలు పెకింగులో వున్నాయి. కమ్యూనిస్టు వేటతోనే నవల మరుగున పడిందంటే సగం చెప్పినట్టే. సమ్మె, సంఘం, కర్మాగారం వుంటేనే కార్మిక నవల అనుకున్న విమర్శకులకు చాకిరేవూ, గర్భస్రావమూ రెండో వరస వస్తువులుగా తోచాయి.

దానిని తిరిగి తెచ్చింది పెద్ద ప్రచురణ సంస్థలేవీ కావు. 1970లో ఫ్లోరెన్స్ హోవ్, పాల్ లాటర్ తదితరులు బాల్టిమోరులో ఫెమినిస్ట్ ప్రెస్ నెలకొల్పారు. ఇద్దరూ అధ్యాపకులే, తరగతిలో చెప్పటానికి స్త్రీల పుస్తకాలు కావలసివచ్చాయి. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన రచయిత్రి టిల్లీ ఓల్సెన్ వాళ్ళకు దారి చూపింది. రెబెకా హార్డింగ్ డేవిస్ 1861లో ప్రకటించిన ‘లైఫ్ ఇన్ ది ఐరన్ మిల్స్’ 1972లో ఆమె పూనికతోనే పుస్తకమైంది. మరుసటేడు ‘డాటర్ ఆఫ్ ఎర్త్’, లాటర్ వెనుకమాటతో వచ్చింది. లండన్‌లో విరాగో దానిని 1977లో అచ్చువేసింది. తెలుగులో ఓల్గా అనువదించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘భూమిపుత్రిక’గా ప్రచురించింది. సూసీ తారూ, కె. లలిత సంపాదకత్వాన భారత స్త్రీల రచనల సంకలనం మొదటి సంపుటాన్ని 1991లో వెలువరించింది కూడా ఆ ఫెమినిస్ట్ ప్రెస్సే.

పునర్ముద్రణ వల్ల చిక్కులూ లేకపోలేదు. ఒక పీఠిక ఆమెను స్త్రీవాదిని మాత్రమే చేస్తుంది, మరొకటి చైనా మిత్రురాలిని మాత్రమే. 2005లో రూత్ ప్రైస్ రాసిన జీవితచరిత్ర, గూఢచర్యపు ఆరోపణలో నిజముందని వాదించింది. చట్టోపాధ్యాయను 1937లో సోవియట్ దేశంలోనే కాల్చి చంపారు. వామపక్ష పాఠకులు ఈ రెండింటినీ దాటవేయరాదు. వీటి వల్ల మేరీ తల్లి ఉతికిన బట్టల బరువేమీ తగ్గదు. నా విద్యార్థులకు నేను ‘అమ్మ’నూ, ‘భూమిపుత్రిక’నూ ఒకే మాసంలో చదవమని చెబుతాను. రెండో పుస్తకంలో ఆనంద్ ప్రవేశించింది మొదలు వాళ్ళు రెండు జట్లుగా చీలిపోతారు.